పరగడుపున చెంచాడు పుప్పొడి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అన్నీ నేర్చేసుకున్నానని కాదు, తెలియదు అనే మాట నా నోటికి ఇంకా అలవాటు కాలేదు, అంతే. డి.ఫార్మసీ పాసై, కోరుట్ల బస్టాండు దగ్గర ఒక మందుల దుకాణంలో చేరి అప్పటికి మూడు నెలలు. దుకాణంలో ఇచ్చిన తెల్లకోటు నాకు రెండు సైజులు పెద్దది. చేతులు మడిస్తే తప్ప వేళ్లు బయటికి కనిపించేవి కావు. అయినా సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని విప్పేదాన్ని కాదు. దారిలో ఎవరో ఒకరు ఆపి, "గీ గోలీ తిన్నంక ఏసుకోవాల్నా, తినకముందా?" అని అడిగేవారు. నేను గోలీ కేసి ఒకసారి, ఆకాశం కేసి ఒకసారి చూసి జవాబు చెప్పేదాన్ని. (చాలావరకు సరైన జవాబే. మిగిలిన ఆ కొద్దిమంది కూడా ఇప్పటికీ బాగానే తిరుగుతున్నారు, నేను కనుక్కున్నాను.) మా బాపు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. తన బిడ్డ గోలీల చదువు చదివిందని ఆయన ఆ సాంచాల మోతలో కూడా అందరికీ వినపడేలా చెప్పేవాడు. అంత మోత మీద చెప్పిన మాటను నిలబెట్టాల్సిన బాధ్యత నా మీద ఉందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఉద్యోగం కోసం నేను కోరుట్లలో అమ్మమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, మాతో పాటు అయిదారు కోళ్లు. ఆ ముందటి వానాకాలంలో అమ్మమ్మకు జ్వరం వచ్చింది. జ్వరమైతే వారానికే పోయింది గానీ పోతూ పోతూ ఆవిడ కీళ్లలో ఉన్న బలమంతా పట్టుకుపోయింది. అప్పటినుంచి మంచమే. అన్నం పెడితే రెండు ముద్దలు, జావ ఇస్తే రెండు గుటకలు. "సయిస్తలేదు బిడ్డా" అని గిన్నె పక్కకు జరిపేది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, రోగమేమీ లేదు, తిని నడిస్తే చాలన్నాడు. ఆ రెండూ తప్ప మిగతావన్నీ చేయడానికి అమ్మమ్మ సిద్ధంగా ఉండేది.

ఇది ఫోన్లో వింటూ మస్కట్‌లో అమ్మమ్మ చిన్నకొడుకు, మా చిన్నమామ, కుదురుగా ఉండలేకపోయాడు. మామ అక్కడ ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, తోటలో పనిచేసేవాడు. శివరాత్రి ముందర నలభై రోజుల సెలవు పెట్టించుకుని దిగాడు. ఆ సెలవులో పెళ్లి చూపులు పెట్టాలని అందరి ఆలోచన. మామ ఒకే మాట చెప్పాడు. "అవ్వ లేచి తిరిగేదాక నా పెండ్లి ముచ్చట తీయకుండ్రి. నేను పొయ్యేనాడు అవ్వ దర్వాజ దాక నడిచొచ్చి సాగనంపాలె. లేకుంటె గక్కడ నాకు బువ్వ దిగది." మామ నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆ మాట మాత్రం నవ్వకుండా చెప్పాడు, అందుకే అందరం తలలు వంచుకున్నాం.

మా వైపు గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టె విప్పడం చిన్న పండగ లాంటిది. దగ్గరి చుట్టాల ఇళ్ల నుంచి కనీసం ఒక్కొక్కరు వచ్చి కూర్చుంటారు. సబ్బులు, అత్తరు సీసాలు, తలనొప్పి బామ్ డబ్బాలు, బాదం పలుకులు, ఏది బయటికొచ్చినా ఇంటికింత అని వాటా వేయాల్సిందే. ఇది ఏమిటి, ఎందుకు వాడతారు అని అడగడం మర్యాద కాదు. తెచ్చినవాడి మనసు చిన్నబుచ్చినట్టే. తీసుకుని, కళ్లకద్దుకుని, ఇంటికెళ్లాక ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకుంటారు. ఆ రోజు మేడిపల్లి నుంచి పెద్దమ్మ వచ్చింది, సిరిసిల్ల నుంచి బాపు వచ్చాడు. పెట్టె అడుగున, మూడు బనియన్లలో చుట్టి ఉన్న ఒక పెద్ద గాజు డబ్బా చిట్టచివర బయటికొచ్చింది. నిండా పసుపుపచ్చ పలుకులు, మధ్యమధ్యలో నారింజ రంగువి, కొన్ని మట్టి రంగువి. మీద ఒక తేనెటీగ బొమ్మ, చుట్టూ అరబ్బీ అక్షరాలు.

"తేనెటీగలు పువ్వుల మీద వాల్తయి సూడుండ్రి, కాళ్లకు పిండి అంటుతది. గా పిండినే ముద్దలు చేసుకొని మోసుకపోతయట. గదే ఇది. మా అర్బాబు తోటల పెట్టెలు పెట్టి ఈగలను పెంచుతడు. అవ్వ సంగతి చెప్తె ఈ డబ్బా చేతుల పెట్టి, గిట్ల..." అని మామ మోచెయ్యి మడిచి కండ చూపించాడు. "గింత బలమొస్తదన్నడు."

"ఎట్ల తినాల్నట మరి?" అంది పెద్దమ్మ.

మామ తల గోక్కున్నాడు. "చెప్పిండక్కా. నేను గప్పుడే పెట్టెకు తాడు కడుతున్న. సగం ఇన్న, సగం ఇనలే."

అప్పుడు మా బాపు చాలా తీరిగ్గా కాళ్లు చాపుకుని, "గా అర్బాబు ఎందుకు, మా బిడ్డ లేదా? గోలీల సదువే సదివె" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పి, అక్షరాల మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి చదువుతున్నట్టు తల ఆడించాను. (అరబ్బీ కుడి నుంచి ఎడమకు చదువుతారని తరువాతెప్పుడో తెలిసింది. ఆ రోజు మామ గమనించే ఉంటాడు. మంచి మనిషి, ఏమీ అనలేదు.) పుప్పొడి గురించి నాకు తెలిసిందల్లా పదో తరగతి జీవశాస్త్రంలో పువ్వు బొమ్మ వేసి భాగాలు గుర్తించడం. అది మందో, తిండో, రెండూ కాదో ఏమాత్రం తెలియదు. అయినా గొంతు సవరించుకుని, "పరగడుపున చెంచాడు. పొద్దటి ఎండల కూసొని, నాలుగు నాలుగు పలుకులు మెల్లగ నములుకుంట తినాలె" అన్నాను. పరగడుపున అన్నది మా దుకాణంలో రోజూ వినే మాట. ఎండ సంగతి డి విటమిన్ పాఠంలోది. నాలుగు నాలుగు పలుకులు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పటికీ అర్థం కాదు.

బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మ తన వాటా కోసం గిన్నె తెచ్చింది. మంచం మీది నుంచి అమ్మమ్మ చెయ్యి చాపి డబ్బా అడిగింది. మూత తీసి ఒకసారి వాసన చూసి, తిరిగి నా చేతిలో పెట్టేసింది. అంత గొప్ప చదువుకు అబ్బురపడి మాట రాలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున మామ అమ్మమ్మను పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చి వాకిట్లో గద్దె మీద కూర్చోబెట్టాడు. నేను కోటు వేసుకుని, చెంచా కొలిచి, పలుకులు ఆవిడ అరచేతిలో పోశాను. ఎలా తినాలో చూపించాలి కదా, అందుకని నేనూ ఒక చెంచా నోట్లో వేసుకుని నమిలాను. కొంచెం తీపి, కొంచెం చేదు, ఎండిన పువ్వులు నమిలినట్టు. "నువ్వు పో బిడ్డా, డ్యూటీకి ఆల్చమైతది. నేను నాలుగు నాలుగు నములుకుంట తింట" అంది అమ్మమ్మ. నేను వెళ్లిపోయాను. దుకాణం తెరిచిన గంటకు తుమ్ములు మొదలయ్యాయి. పది, ఇరవై, లెక్క తప్పింది. గొంతులో దురద. ఇంకాసేపటికి మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. మా యజమానిని ఊరంతా గోలీల సేటు అనేవారు; ముప్పై ఏళ్లుగా ఆ గల్లా ముందు కూర్చున్న మనిషి. అద్దాల పైనుంచి నన్ను చూసి, "ఏం తిన్నవమ్మా?" అన్నాడు.

"ఏం లేదు సార్. రొయ్యల పచ్చడి."

ఆయన దురద గోలీ ఒకటి, నీళ్ల గ్లాసు ముందు పెట్టాడు. నేను గోలీ మింగి, దుకాణం వెనక్కి వెళ్లి, మామకు ఫోన్ చేశాను. చెంచాడుకే నాకు ఇలా అయితే, మంచంలో ఉన్న మనిషికి ఏమవుతుంది? "మామా, అమ్మమ్మ ఎట్లున్నది?"

"మంచిగున్నది కోడలా. ఎండకు కూసొని కోళ్లతోని ముచ్చట పెడుతున్నది."

"దద్దులు గిట్ల లేసినయా?"

"దద్దులెందుకు లేస్తయి?"

"ఏం లేదు. ఊకె అడిగిన."

ఆ రోజు నేను చేయాల్సిన పని ఒక్కటే. ఇంటికెళ్లి, ఇది అందరికీ పడేది కాదట, నాకు పడలేదు, అమ్మమ్మకు పెట్టొద్దు అని చెప్పడం. చెప్పలేకపోయాను. బాపు కళ్లలో నీళ్లు తిరగడం చూశాను కదా. పెద్దమ్మ గిన్నె నిండా తీసుకెళ్లింది కదా. అన్నిటికీ మించి, పరగడుపున చెంచాడు అన్నప్పుడు నా గొంతు నాకే ఎంతో నచ్చింది. ఎండలు మొదలైనా చున్నీ మెడకు నాలుగు చుట్లు చుట్టుకుని ఇంటికి వెళ్లాను. అమ్మమ్మ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. చలిగా ఉందన్నాను.

అక్కడినుంచి నా అయోమయం మొదలైంది. ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఒకాయన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టమన్నాడు. ఒకావిడ నీళ్లు తగిలితే గుణం పోతుందంది. ఒకరు పాలతో, ఒకరు తేనెతో. ఒకాయన ఇది సంపూర్ణాహారం, అన్నం మానేయొచ్చన్నాడు. ఇంకొకాయన ఇదంతా ఉత్తదేనని, పడనివాళ్లకు ప్రమాదమని అరగంట తిట్టాడు. అందరూ తెల్లకోట్లే. అందరివీ నా కోటులా కాక ఒంటికి సరిపోయేవి. ఏ వీడియో చూసిన మర్నాడు ఆ ప్రకారం మాట మార్చేదాన్ని. ఒకరోజు చెంచాడు, మరునాడు చిటికెడు, ఇంకోరోజు ఏడే పలుకులు లెక్కపెట్టి. మామ ఓపికగా, "కోడలా, నిన్న చెంచా అంటివి గద" అనేవాడు. "శరీరానికి అలవాటు చేస్తున్నం మామా" అనేదాన్ని. మూడో వారం వచ్చేసరికి మామ ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టి, రెండు రోజులకే ఆ కాగితం చింపేశాడు.

ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం గోలీల సేటునే అడిగాను, ఎవరో గిరాకీ అడిగినట్టుగా. "సార్, పుప్పొడి మంచిదేనా?"

ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. "అమ్మెటోడు ఒక తీరు చెప్తడు, డాక్టరు ఒక తీరు చెప్తడు. పడ్డోళ్లకు పడుతది, పడనోళ్లకు నీ మెడ లెక్క అయితది. పనిచేస్తదా అంటె, నాకు తెల్వది."

ముప్పై ఏళ్ల అనుభవం ఉండి తెల్వదు అనడానికి ఈ మనిషికి సిగ్గు లేదే అని ఆయన మీద నాకు నిజంగా జాలి కలిగింది. (నీ మెడ లెక్క అన్న ముక్క మాత్రం రెండు రోజుల తరువాత తట్టింది. రొయ్యల పచ్చడి ఆయన నమ్మలేదన్నమాట.)

ఇదిలా ఉండగా వాటాలు పట్టుకెళ్లిన ఇళ్ల నుంచి కబుర్లు రావడం మొదలైంది. మేడిపల్లి పెద్దమ్మ ఫోన్ చేసి, "మంచి మందు చెప్పినవు బిడ్డా, మోకాళ్లు సల్లబడ్డయి" అంది. ఎన్ని చెంచాలు తింటున్నావని అడిగాను. "తినుడేంది?" అంది పెద్దమ్మ. ఆవిడ ఇంటికి ఇన్నేళ్లలో గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బాలన్నీ రాసుకునేవే. అందుకని దీన్ని కూడా కొబ్బరినూనెలో నూరి రోజూ మోకాళ్లకు పట్టించుకుంటోంది. ఇటు బాపు తన వాటాను సాంచాల దగ్గరికి పట్టుకెళ్లి, తోటివాళ్లందరికీ టీలో చిటికెడు చొప్పున కలిపి ఇచ్చాడట. "ఒక్కనికి నిద్ర రాలేదు, పోగు తెగలేదు" అని మోత మీద మోతగా అరిచి చెప్పాడు. "అందరు నిన్నే యాదిజేస్తున్నరు." నూనెలో నూరితే మోకాళ్లు తగ్గుతాయి, టీలో వేస్తే నిద్ర రాదు, నేను తింటే దద్దుర్లు లేస్తాయి. ఇది ఏ రకం మందో నాకు బొత్తిగా అర్థం కాలేదు. అందరికీ, "అవును, దానికి గా గుణం సుత ఉన్నది" అని చెప్పాను.

అసలు చిక్కు ఏమిటంటే అమ్మమ్మ నిజంగానే కోలుకుంటోంది. మొదటి నాలుగు రోజులు మామ ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆ తరువాత గోడ పట్టుకుని తనే గద్దె దాకా వచ్చేది. ఎండలో కూర్చుని, అరచెయ్యి నోటి దగ్గరికి తీసుకుపోతూ తీసుకొస్తూ, నోరు ఆడించేది. కాళ్ల దగ్గర కోళ్లు గుమిగూడేవి. "అవ్వ లేచినంక కోళ్లకు సుత పానం లేసొచ్చింది" అని మామ నవ్వేవాడు. ఒకరోజు కోళ్ల గంప దగ్గరికి తనే వెళ్లి గుడ్లు ఏరుకొచ్చింది. పొయ్యి దగ్గర నేను గరిటె తిప్పుతుంటే, "నీకు రాదు, ఇటు తే. నా కొడుకుకు పొరటు నేనే చేస్త" అని పీట వేసుకుని కూర్చుంది. ఆ గుడ్ల పచ్చసొన చూడాలి, బంతిపువ్వు రంగు. మామ లొట్టలు వేస్తూ, "గిసొంటి గుడ్డు మస్కట్ల యాడ దొరకది" అని రోజుకు మూడు గుడ్లు తినేవాడు. కొడుకు తింటుంటే ఎదురుగా కూర్చుని, తల్లి కూడా ఒక రొట్టె, ఆ తరువాత రొట్టెన్నర తినేది. మామ బుగ్గలు నిండాయి. వాడకట్టు ఆడవాళ్లు నన్ను డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. నేను మాత్రం రోజూ పొద్దున అమ్మమ్మ మెడ మీద దద్దుర్ల కోసం వెతుకుతూ, రాత్రికి నాకే అన్నం సయించక సగం కంచం వదిలేసేదాన్ని. ఇంట్లో చిక్కిపోతున్నది నేనొక్కదాన్నే.

మామ ప్రయాణం ఇంక మూడు రోజులుందనగా ఒక పొద్దున డబ్బా ఊపి చూసి, అడుగుకు వచ్చిందని ఉత్సాహపడిపోయాడు. "కోడలా, నేను పొయ్యేలోపు అవ్వకు ఇంకింత బలం రావాలె. ఇయ్యాల్టిసంది పూటకు రెండు చెంచాలు పెడుదాం. మా అర్బాబుకు ఫోన్ చేసిన, ఇంకో రెండు డబ్బాలు పంపుతడట" అని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు. ఒక చెంచాతో ఇన్నాళ్లు ఎలాగో తప్పించుకున్నాం, పూటకు రెండు చెంచాలు ఈ ముసలిప్రాణం తట్టుకుంటుందా? ఏమైనా అయితే మామ తల్లిని అలా వదిలి విమానం ఎక్కగలడా? ఏం జరిగినా సరే అనుకుని, డబ్బా పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను. అమ్మమ్మ అప్పటికే గద్దె మీద ఉంది, కోళ్లు కాళ్ల దగ్గర ఉన్నాయి.

"అమ్మమ్మా, ఇది తినకే. నాకు దీని గురించి ఏం తెల్వది. చెంచాడన్నది, ఎండన్నది, అంత నా నోటికొచ్చిందే చెప్పిన. నాకు దద్దులు లేసినయి, ఎవ్వలకు చెప్పలే. నీకేమన్న అయితదేమోనని రోజు సస్తున్న" అని ఏడ్చేశాను. కోటు చేతులు పొడుగు కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి అనువుగానే ఉన్నాయి.

అమ్మమ్మ నా ఏడుపు పూర్తయ్యేదాకా ఆగింది. తరువాత కొంగు ముడి విప్పి, అందులో ముందురోజు తాలూకు నాలుగు పలుకులు మిగిలి ఉంటే కింద వేసింది. ఎర్రపెట్ట గబగబా నాలుగూ ఏరుకుంది.

"నేనెక్కడ తింటున్న బిడ్డా" అంది.

నాకు అర్థం కాలేదు. కోడిని చూశాను, ఆవిడను చూశాను.

"మా నాయిన జగిత్యాల దిక్కు మామిడి తోటలల్ల తేనె పెరలు దించెటోడు. తేనె ఒక పక్కకు, గీ పచ్చపిండి ఒక పక్కకు ఉంటది. చిన్నప్పుడు తీపుంటదని పిడికెడు తిన్న. మూతి గింత లావాయె, వొళ్లంత దద్దులు, రెండు దినాలు కండ్లు తెరుసుకోలే. గప్పటిసంది ముట్టలే. మొన్న మూత తీసి వాసన చూస్తనే గుర్తువట్టిన."

"మరి గప్పుడే చెప్పద్దా?"

"వాడు గంత దూరంకెల్లి బనీన్లల్ల సుట్టుకొని మోసుకచ్చె. వద్దంటె వాని మనసేం గావాలె?" అని స్నానాల గది వైపు చూసింది. లోపల మామ చెంబుతో నీళ్లు పోసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. "కోళ్లకు ఏసిన. కోళ్లు గుడ్లు పెట్టినయి. గుడ్లు వానికే పెట్టిన. వాడు తెచ్చింది వాని కడుపులకే పాయె."

నేను గద్దె మీద కూలబడ్డాను. నలభై రోజుల వైద్యం నా కళ్ల ముందే కోళ్ల కాళ్ల కింద తిరుగుతోంది. ఎర్రపెట్ట ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని నా చెప్పులు పొడిచి చూసింది. "మరి నువ్వెట్ల లేచినవు?" అన్నాను.

"ఏమో. కొడుకు పొద్దుగాల్నే ఎత్తుకొచ్చి ఎండకు కూసుండవెట్టె. కోళ్లకు గింజలు ఏసుడాయె, గుడ్లు ఏరుడాయె. వానికి నువ్వు చేసే పొరటు పెట్టబుద్ధి కాలే. లేచిన." నా మెడ మీద చెయ్యి వేసింది. దద్దుర్లు ఎప్పుడో పోయాయి, అయినా సరిగ్గా అవి లేచిన చోటే వేసింది. "ఉడుకపోతల మెడకు చున్నీ సుట్టుకొచ్చినవు సూడు, గా నాడే ఎర్కాయె. మా నాయినకు పడేది, నాకే పడకపాయె. నా పోలికే అచ్చింది నీకు. చెప్తవేమో, చెప్తవేమోనని చూస్తనే ఉన్న. ఎర్కలేదని చెప్పెతందుకు గిన్ని దినాలు పట్టిందా బిడ్డా?"

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి సిగ్గుతో. ఇంత చదివిన నేను, తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కసారైనా నీకేమైనా తెలుసా అని అడగలేదు. స్నానాల గది తలుపు చప్పుడైంది. అమ్మమ్మ గబుక్కున డబ్బా మూత తీసి, "రెండు చెంచాలు పొయ్యి. కోళ్లు ఎదురుసూస్తున్నయి" అంది. పోశాను. ఆ మూడు రోజులూ కోళ్లకు పండగే.

ప్రయాణం రోజు మధ్యాహ్నం బండి వచ్చింది. పెద్దమ్మ మోకాళ్ల మీద కొబ్బరినూనె మెరుస్తుండగా వచ్చింది, బాపు సిరిసిల్ల నుంచి వచ్చాడు. అమ్మమ్మ మామ చెయ్యి పట్టుకోకుండా, గోడ పట్టుకోకుండా దర్వాజ దాటి, వాడకట్టు చివర బండి నిలబడ్డ చోటు దాకా నడిచింది. నడుస్తున్నంతసేపూ మామ ఒక అడుగు వెనకే, రెండు చేతులు గాలిలో పెట్టుకుని వచ్చాడు, ఆవిడ పడితే పట్టుకోవాలని. ఆవిడ పడలేదు. బండి దగ్గర మామ కళ్లు తుడుచుకుని, అందరి ముందు, "అంత నీ పుణ్యమే కోడలా. ఇంకెన్ని రోజులు పెట్టాల్నో చెప్పు, డబ్బాలు పంపుత" అన్నాడు. బాపు ఛాతీ పెద్దది చేసుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను ఆకాశం కేసి చూడబోయి ఆగిపోయాను.

"నాకు తెల్వది మామా" అన్నాను.

నా జీవితంలో ఆ మాట నలుగురి ముందు అనడం అదే మొదలు. ఊరేమీ కూలిపోలేదు. బాపు మొహం మాత్రం కొంచెం వాడింది. పెద్దమ్మ తన మోకాళ్ల కేసి అనుమానంగా చూసుకుంది. మామ అయోమయంగా నన్నూ తల్లినీ చూశాడు. అప్పుడు అమ్మమ్మే, "తెల్వకుంటె తెలుసుకొని చెప్తది. నువ్వయితె వచ్చేటప్పుడు తే. నువ్వు తేవాలె, పంపుడు కాదు" అంది. మామకు వెంటనే అర్థమైనట్టుంది. బండి ఎక్కి, మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మరుసటేడు సెలవులో మామ పెళ్లయింది. ప్రతి రాకకూ బనియన్లలో చుట్టిన డబ్బా ఒకటి తెస్తూనే ఉన్నాడు. కోళ్లు తరాలు మారాయి, పచ్చసొన రంగు మారలేదు. కోళ్ల సంగతి మామకు ఇప్పటికీ తెలియదు. (ఇది చదివితే తెలుస్తుంది. చదవడనే ధైర్యం.) నేను జగిత్యాలలో సొంతంగా చిన్న మందుల దుకాణం పెట్టుకున్నాను. ఇప్పుడు పుప్పొడి మన దగ్గర కూడా చక్కటి సీసాల్లో వస్తోంది. అడిగేవాళ్లూ పెరిగారు. మొన్న ఒకాయన వాళ్లమ్మ కోసం సీసా చేతిలో పట్టుకుని, "ఇది పనిచేస్తదా మేడం?" అన్నాడు. పుప్పొడి పడనివాళ్లుంటారు, ముందు డాక్టర్ని అడగమని చెప్పాను. తరువాత, "పొద్దుగాల్నే పక్కన కూసొని ఎవ్వలు తినిపిస్తరు?" అని అడిగాను. ఆయన దానికీ దీనికీ సంబంధమేమిటో అర్థం కాక, సీసా అక్కడే పెట్టి పక్క దుకాణానికి వెళ్లిపోయాడు.

కోరుట్ల నాటి తెల్లకోటు ఇంకా నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు వేసుకుని అద్దంలో చూసుకుంటాను. ఆకాశం కేసి చూసి జవాబులు చెప్పే ఆ పిల్ల, చున్నీ నాలుగు చుట్లు చుట్టుకున్న ఆ పిల్ల, చేతులు మడుచుకుంటూ కనిపిస్తుంది. ఆ పిల్ల మీద నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. కోటు ఇప్పుడు నాకు సరిగ్గా సరిపోతోంది, నడుము దగ్గర కాస్త బిగుతు కూడా. అమ్మమ్మ ప్రతి ఆదివారం బస్సులో కట్టి పంపే ఆ గుడ్ల వల్లేనేమో. ఏమో, నాకు తెలియదు.